‘పాత’ను ఎక్కడ పెట్టాలి

స్పానిష్ చదువుతానని జబీన్ పట్టుబట్టిన నాడు ఆర్మూరులో నవ్వనివాళ్ళు తక్కువ. అరబ్బీ వస్తే దుబాయిలో అన్నం పెడుతుంది, ఇంగ్లీషు వస్తే హైదరాబాదులో పెడుతుంది, ఈ భాష ఏ ఊళ్ళో పెడుతుందని అడిగినవాళ్ళలో భూమేశ్వర్ సేటు ఒకడు. పెర్కిట్ పోయే దారిలో ఆయనకు పసుపుకు పాలిష్ పట్టే షెడ్డు ఉంది. జబీన్ తండ్రి అబ్దుల్ రషీద్ గోనె సంచులు, టార్పాలిన్లు అమ్ముతాడు. సేటు ఆ దుకాణానికి ఏళ్ళ తరబడి గిరాకీ. ఆ చనువుతోనే నవ్వాడు.

జబీన్ ఎవరి నవ్వునూ లెక్కచేయలేదు. హైదరాబాదులో చదువు ముగించి ఒక కాల్ సెంటర్లో చేరింది. మెక్సికో నుంచి ఫోన్ చేసి తిట్టేవాళ్ళ తిట్లు స్పానిష్‌లో విని, స్పానిష్‌లోనే వాళ్ళను చల్లబరచడం అక్కడ ఆమె పని. కొన్నేళ్ళకు కంపెనీ ఆ పనిని ఇంకో దేశానికి తరలించింది. జబీన్ ఊరికి వచ్చి, మేడమీది గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పుకోసాగింది. నవ్వినవాళ్ళు ఈసారి జాలిపడ్డారు. నవ్వే నయమనిపించింది ఆమెకు.

అలాంటిది, రంజాన్ నెల నడుమ ఒక పొద్దున భూమేశ్వర్ సేటు తానే దుకాణానికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, జబీన్‌ను పిలిపించాడు. పసుపు కొనడానికి స్పెయిన్ దేశపు కంపెనీ ఒకటి ముందుకొచ్చిందట. వాళ్ళ తరఫున ఒకామె వస్తోందట. సరుకొక్కటే చూస్తే సరిపోదట ఆమెకు. పని జరిగే చోటు చూడాలట, పనిచేసే ఆడవాళ్ళతో మాట్లాడాలట.

"రషీద్ భాయ్, మన బిడ్డ ఉండంగ హైదరాబాద్ నుంచి ఎవలినో ఎందుకు తెచ్చుకోవాలె?" అన్నాడు. తర్వాత జబీన్ వైపు తిరిగాడు. "ఆమె అడిగింది మాకు చెప్పు, మేం చెప్పింది ఆమెకు చెప్పు. గంతే బిడ్డా. గని మా కూలోళ్ళ మాటలు నీకెర్కనే గద, ఎట్ల వడితె గట్ల మాట్లాడ్తరు. కొమ్ముకు పాలిష్ పట్టినట్టు నువ్వు జర మాటకు గుడ పాలిష్ పట్టాలె."

"అంకుల్, ఎవలేమంటే గదే చెప్త. పాలిష్ నాకు రాదు," అంది జబీన్.

"గదే గదే," అని నవ్వి లేచాడు సేటు. ఆ నవ్వును ఆమె ఒప్పుకోలు అనుకుంది. వింటున్న తండ్రి కూడా అలాగే అనుకున్నాడు.

*

వచ్చినామె పేరు పిలార్. పొట్టిజుట్టు, కళ్ళద్దాలు, కాళ్ళకు బూట్లు. యాభై దాటి ఉంటుంది. జబీన్ పలకరించిన రెండు ముక్కలకే ఆమె ముఖం విచ్చుకుంది. ఇంత దూరాన, ఇంత ఎండలో తన భాష వినబడుతుందని ఆమె అనుకోలేదట. జబీన్‌కు లోపల గర్వంగానే అనిపించింది. ఈ భాష ఏ ఊళ్ళో అన్నం పెడుతుందన్నవాడు చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు మరి.

సేటు టీ తెప్పించాడు. జబీన్ రోజా ఉపవాసంలో ఉన్నానని చెప్పి పక్కకు పెట్టింది. షెడ్డులోకి నడిచారు.

ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను పెద్ద పెద్ద ఇనుప డ్రమ్ముల్లో పోసి మోటారుతో తిప్పుతారక్కడ. ఒకదానికొకటి రాసుకుని కొమ్ముల మీది పొట్టు ఊడి, బంగారు కడ్డీల్లా బయటికొస్తాయి. ఊడిన పొట్టంతా దుమ్మై గాలిలో తేలి, గోడల మీద, తీగల మీద, మనుషుల రెప్పల మీద కూర్చుంటుంది. ఆ షెడ్డులో పచ్చగా లేని వస్తువు లేదు. పైన తిరిగే ఫ్యాను కూడా పచ్చనిదే.

పిలార్ ఒక డ్రమ్ము దగ్గర ఆగింది. మోటారు నుంచి డ్రమ్ముకు పోయే బెల్టును కప్పుతూ ఇనుప జాలీ ఒకటి బిగించి ఉంది. దాన్ని చూపించి, పక్కనే చాట పట్టుకుని నిలబడ్డ ముత్తెమ్మను అడిగింది, ఇది మొదటినుంచీ ఉందా అని. ముత్తెమ్మ ఆ షెడ్డులో అందరికంటే పెద్దది. జబీన్ అడిగిన ప్రశ్న విని సేటు ముఖం ఒకసారి చూసింది.

"ఇంతకు ముందు లేకుండె బిడ్డా," అంది.

"ఆంతెస్ లేదట," అని స్పానిష్‌లో చెప్పింది జబీన్. ఆంతెస్ అంటే ముందు అని. ఎంత ముందో ఆ మాట చెప్పదు. నిన్నటిదైనా ఆంతెసే, తాతల నాటిదైనా ఆంతెసే. మన ‘ఇంతకు ముందు’ లాంటిదే అదీ. పనిచేసే చోట్లు చూడటమే వృత్తిగా ఉన్న పిలార్‌కు అది చాలలేదు. "ముందు అంటే ఎప్పుడు?" అంది.

ఈసారి ముత్తెమ్మ నోరు తెరవకముందే సేటు అందుకున్నాడు. "ఎనుకట. మస్తు ఏండ్ల కిందటి ముచ్చట. మా బాపు ఉన్నప్పటి కాలం."

షెడ్డు యజమాని చాలా ఏళ్ళ కిందట అంటున్నారని చెప్పింది జబీన్. చెబుతుంటే ఆమె చూపు ఆ జాలీ మీదే ఉంది. షెడ్డంతా పచ్చగా ఉంటే జాలీ ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. వేళ్ళతో రాస్తే వెండిరంగు అంటుకునేలా ఉంది. బాపు కాలంనాటి జాలీ అట!

ముత్తెమ్మ చాట కింద పెట్టింది. "గదేంది సేటూ గట్లంటవ్? మొన్ననే గద పెట్టిస్తివి, కావేరి చెయ్యి నలిగినంక!"

తిరుగుతున్న డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి. పనిచేస్తున్న ఆడవాళ్ళ చేతులు మాత్రం ఆగాయి.

"గది చెప్పకు," అన్నాడు సేటు పెదవులు కదలకుండా.

చెప్పకపోయినా పిలార్ విననే విన్నది. పేర్లకు అనువాదం అక్కర్లేదు. "కావేరీ ఎవరు?" అని అడిగింది.

సేటు క్షణంలో నవ్వు తెచ్చుకున్నాడు. "కావేరి మా పాత మనిషి అని చెప్పు."

జబీన్ అనువదించబోయి ఆగింది. తెలుగులో ‘పాత మనిషి’ అంటే ఏళ్ళుగా నమ్మకంగా చేస్తున్న మనిషీ అవుతుంది, ఒకప్పుడు చేసి మానేసిన మనిషీ అవుతుంది. మనం ముఖం చూసి, సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. స్పానిష్‌లో ఆ సౌకర్యం లేదు. పాత అని అర్థమిచ్చే ఆంతిగ్వా అనే ముక్కను ‘పనిచేసే మనిషి’ అనే మాటకు ముందు పెడితే మానేసిన మనిషి. వెనక పెడితే ఏళ్ళ తరబడి చేస్తున్న మనిషి. ముక్క అదే, చోటు మారితే బతుకు మారిపోతుంది. ఈ తేడాను ఆమె మొన్నటి వారమే పిల్లలకు రెండు గంటలు చెప్పింది.

"అంకుల్, పాత అంటే ఎట్ల? కావేరి పని మానేసిందా, లేకుంటే మస్తు ఏండ్ల నుంచి చేస్తున్నదా?"

"పాత అంటే పాత. గంతే చెప్పు."

"గట్ల చెప్పరాదు అంకుల్. వాళ్ళ భాషల ఆ ముక్క ముందర పెడితే మానేసిందని, ఎనుక పెడితే ఇంకా చేస్తున్నదని. ఏదో ఒక్కటి చెప్పాలె."

సేటుకు వ్యాకరణం ఇంత త్వరగా ఎక్కుతుందని జబీన్ అనుకోలేదు. ఆయన ఒక్క ఊపిరి కూడా ఆలోచించలేదు.

"అయితే ముందర్నే పెట్టు," అన్నాడు.

జబీన్‌కు చెవులు వేడెక్కాయి. ఎండకు కాదు, రోజాకూ కాదు. ఒక ఆడమనిషి చెయ్యి ఈ బెల్టులో పడి నలిగింది. ఇప్పుడు ఆ మనిషినే ఈ షెడ్డులోంచి తీసెయ్యడానికి ఈయనకు ఒక్క మాట చాలు. అందునా ఆ మాట తన నోటితో, తను అన్నేళ్ళు కష్టపడి నేర్చుకున్న భాషలో చెప్పాలి.

"ముత్తెమ్మవ్వా, కావేరి పని మానేసిందా?" అని సేటును దాటి అడిగింది.

"ఎక్కడ మానేసింది బిడ్డా! కట్టు కట్టుకొని ఇంట్ల కూసున్నది. చెయ్యి మానంగనే వస్త, నా జాగ ఎవలికియ్యకుండ్రి అని ఏడ్సుకుంట చెప్పిపోయింది."

"నేను ముందర పెట్టను అంకుల్," అంది జబీన్.

ఇద్దరూ తెలుగులో ఇంతసేపు వాదించుకోవడం చూసి పిలార్ కనుబొమలు ముడిచింది. ఏం జరుగుతోందని అడిగింది. జబీన్ ఉన్నదున్నట్టు చెప్పింది. యజమాని అన్న మాటకు రెండు అర్థాలున్నాయని, ఏదని అడిగితే మానేసిన మనిషి అని చెప్పమంటున్నారని, కానీ ముత్తెమ్మ మాత్రం కావేరి ఇంకా ఇక్కడ పనిచేసే మనిషేనని, జాలీ కూడా కావేరి చెయ్యి నలిగాక ఈ మధ్యనే పెట్టారని అంటోందని. ముత్తెమ్మ అన్న ‘మొన్న’ను ‘ఆసె పోకో’ అని, అంటే కొద్దికాలం కిందట అని చెప్పింది. 

సేటుకు స్పానిష్ రాదు గానీ ఎదుటివాళ్ళ ముఖాలు చదవడం వచ్చు. జబీన్‌ను పక్కకు నెట్టినంత పని చేసి ముందుకొచ్చాడు. "ఓల్డ్ వర్కర్ మేడం. షీ గో. ఫినిష్," అని చేతులు దులిపి చూపించాడు. అంతటితో ఆగితే ఆయన భూమేశ్వర్ ఎందుకవుతాడు? జేబులోంచి ఫోన్ తీసి, అందులో ‘మొన్న’ అని కొట్టి, వచ్చిన స్పానిష్ మాటను పిలార్ ముఖం ముందు పెట్టాడు. మొన్న అంటే రెండు రోజుల కిందట అని తేలితే ముత్తెమ్మ మాటే అబద్ధమవుతుందని ఆయన ఎత్తు.

తెర మీద ‘ఆంతెఅయేర్’ అని ఉంది. నిన్నటికి ముందు రోజు అని.

పిలార్ ఆ మాటను చదివి జబీన్ వైపు చూసింది. "మొన్న అంటే ఇదేనా? ఈ ప్రమాదం రెండు రోజుల కిందట జరిగిందా? మీరు కొద్దికాలం కిందట అన్నారే?"

"నిఘంటువులో అంతే. మాటల్లో వేరు. ఇక్కడ నెల కిందటిదాన్ని కూడా మొన్న అంటారు, రెండు నెలల కిందటిదాన్ని కూడా అంటారు," అంది జబీన్. చెబుతుంటేనే ఆమెకు తెలిసిపోయింది, తన మాట సాకులా వినబడుతోందని. నిజానికి బలం ఉంటుందంటారు. ఆ క్షణాన నిజం నత్తిగా ఉంది, అబద్ధం ఫోన్ తెర మీద అచ్చుతప్పు లేకుండా ఉంది.

పిలార్ గొంతు మర్యాదగానే ఉంది. "కోపం తెచ్చుకోకండి, అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఈ కావేరి మీకు చుట్టమా?"

జబీన్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆపుకుంది. తన జీవితంలో కావేరిని ఆమె చూసి ఎరగదు. "కాదు," అని మాత్రం అంది.

"అయితే రేపు ఆమెతోనే మాట్లాడతాను," అంది పిలార్. జబీన్ దాన్ని తెలుగులో చెప్పింది.

"ఊళ్ళె లేదు మేడం! మెండోర పోయింది, తల్లిగారింటికి," అన్నాడు సేటు. ఈ ముక్కను అనువదించడం జబీన్ పని. అనువదించింది. పిలార్ రేపు పొద్దున మళ్ళీ వస్తానని చెప్పి, నిజామాబాద్ హోటలుకు కారెక్కి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరగ్గానే సేటు తిరిగాడు. "నీ నాయిన ముఖం చూసి పిలిచిన నిన్ను! తిన్నింటి వాసాలు లెక్కవెడ్తవా? నాలుగు ముక్కలు వచ్చినంత మాత్రాన షెడ్డు నాదా నీదా?"

"మీ ఇంట్ల నేనేం తినలే అంకుల్. టీ గుడ తాగలే," అంది జబీన్. 

గేటు దాటుతుండగా ముత్తెమ్మ వెనకే వచ్చి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టు నటిస్తూ అంది. "మెండోర లేదు గిండోర లేదు. పెర్కిట్లనే ఉన్నది. మసీదు ఎనుక గల్లీల, నీలం తలుపు."

*

నీలం తలుపు తీసిన మనిషి జబీన్‌ను లోపలికి రమ్మనలేదు. ముప్పై ఏళ్ళు ఉంటాయి కావేరికి. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. కట్టు చివర మూడు వేళ్ళు కనబడుతున్నాయి. అవి కూడా ఉబ్బి ఉన్నాయి.

జబీన్ జరిగింది చెప్పడం మొదలుపెట్టగానే కావేరి ముఖం ఎర్రబడింది.

"నీకెవలు చెప్పమన్నరు మేడం? నా పేరు ఎందుకు తీసిండ్రు మీరంతా? సేటు దవాఖాన బిల్లు కట్టిండు. చెయ్యి మానినంక పనికి రమ్మన్నడు. నోరు మూసుకుంటె అన్నీ అయితయన్నడు, నేను మూసుకున్న. మీరొచ్చి తెరుస్తరు. మీరు మాట్లాడి కారెక్కి పోతరు, గీ గల్లీల ఉండేది నేను!"

 కావేరి అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తనకు కారు లేదు, నడిచే వచ్చింది, కానీ అది జవాబు కాదు.

"పోత అక్కా," అంది చివరికి. "గని ఒక్కటి చెప్పి పోత. సేటు నిన్ను పనికి రమ్మన్నడంటున్నవ్. ఇయ్యాల నా ముందర, ఆ విదేశీ ఆమె ముందర, కావేరి పని మానేసి పోయిందన్నడు. రెండు తీర్ల చెప్పొచ్చు అంకుల్, ఏది చెప్పాలె అని అడిగిన. మానేసిందనే చెప్పు అన్నడు."

"మానేసినన్నడా?"

"పాత మనిషి అన్నడు. ఏ పాత అని అడిగిన. పోయినామె అని చెప్పమన్నడు."

కావేరి తలుపును ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. తర్వాత ఒక్కసారిగా వచ్చింది కోపం, ఈసారి జబీన్ మీద కాదు.

"నేను మానేసిన్నా? నా పెండ్లయిన ఏడాది నుంచి చేస్తున్న గాడ! గాయన కొడుకు పెండ్లికి పసుపు దంచింది నేను. జాలీ పెట్టించు సేటూ, బెల్టు పావడ గుంజుతున్నదని నేనే ఎన్నిసార్లు చెప్పిన! పెడ్త పెడ్త అన్నడు. నా చెయ్యి పోయినంక పెట్టిండు. పెట్టి, నన్ను పోయినదాన్ని చేసిండా?"

పొద్దుగూకింది, పక్కన మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. జబీన్ తల మీద దుపట్టా సరిచేసుకుంది. కావేరి ఆమె పెదవులు చూసింది, లోపలికి పోయి ఎడమచేత్తో చెంబు నీళ్ళు, చిన్న బెల్లం ముక్క తెచ్చి ఇచ్చింది.

"తాగు చెల్లె. నోరు ఎండుకపోయింది," అంది. జబీన్ గడప మీదే కూర్చుని రోజా విప్పింది. ఆమె తాగేదాకా ఆగి కావేరి అడిగింది. "రేపు ఎన్ని గంటలకొస్తదట ఆమె?"

*

మర్నాడు పొద్దున గేటు దగ్గరే ఆపేశారు జబీన్‌ను, కావేరిని. లోపలికి ఎవరినీ పంపొద్దని సేటు చెప్పాడన్నాడు కాపలావాడు. కావేరి వాడితో వాదించలేదు. గేటుకు ఎదురుగా, రోడ్డు మీదే నిలబడింది. పసుపు బస్తాల ట్రాలీలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయాయి. జబీన్ ఆమె పక్కన నిలబడింది. జబీన్ తండ్రి దుకాణం తెరవకుండా వచ్చి కొంచెం దూరంలో స్కూటర్ మీద కూర్చున్నాడు. 

పిలార్ కారు వచ్చింది. లోపలికి తిరగబోతుంటే కావేరి దానికి అడ్డంగా పోయి కట్టుకట్టిన చెయ్యి ఎత్తింది.

సేటు లోపలినుంచి పరుగున వచ్చాడు. "మేడం, మేడం, కమ్ ఇన్‌సైడ్," అంటూ కారు తలుపు పట్టుకున్నాడు. పిలార్ దిగింది. చేతిని చూసింది. జబీన్‌ను చూసింది. "ఈమేనా?" అంది.

"నేనే కావేరిని," అంది కావేరి. మెండోరకు పోయిన మనిషి ఆర్మూరు రోడ్డు మీద నిలబడి ఉండటం సేటుకు కూడా కనబడింది. ఆయన వెంటనే మాట మార్చాడు.

"గీ పిల్ల అబద్ధాలు చెప్తది మేడం. నో గుడ్ ట్రాన్స్‌లేటర్. నేను ఫోన్ల చెప్పిస్త," అని మళ్ళీ ఫోన్ తీశాడు.

"ఫోన్‌తోటి మాట్లాడ," అంది కావేరి. "గీ చెల్లె చెప్తేనే మాట్లాడ్త. లేకుంటె మాట్లాడ."

పిలార్ ఒక్క నిమిషం ఆలోచించి, ఫోన్ వద్దన్నట్టు సేటుకు చెయ్యి చూపించింది. తర్వాత అడిగింది. మొదటి ప్రశ్న, ఎప్పుడు?

కావేరి ‘మొన్న’ అనలేదు. "గీ సీజన్ తొలి లోడు దిగిన నాడు. అంకాపూర్ నుంచి వచ్చింది ఆ లోడు. లోడు ఎప్పుడొచ్చిందో సేటును అడుగు, గాయనకు అది మతికుంటది. నా చెయ్యి మతికుండదు గని."

జబీన్ ఆఖరి వాక్యంతో సహా చెప్పింది. పాలిష్ పట్టలేదు. పోయిన సీజన్ కాదని, ఈ సీజనేనని రెండుసార్లు చెప్పింది. పిలార్ సేటు వైపు తిరిగి చూస్తే సేటు రోడ్డు మీది ట్రాలీని చూస్తున్నాడు.

"జాలీ అప్పుడు ఉందా?"

"లేదు. నన్ను దవాఖానకు తీస్కపోయినంక నాలుగు దినాలకు పెట్టిండ్రు. ముత్తెమ్మవ్వ అబద్ధమాడలే."

పిలార్ గొంతు తగ్గించింది. "మీరు ఇక్కడ పని మానేశారని నిన్న యజమాని చెప్పారు. నిజమా?"

జబీన్ అడిగింది. కావేరి గేటులోంచి షెడ్డు లోపలికి చూసింది. డ్రమ్ములు ఆగాయి. ఆడవాళ్ళందరూ బయటికొచ్చి వరండాలో నిలబడ్డారు, ముత్తెమ్మ అందరికంటే ముందు.

"నేను పాతదాన్నే," అంది కావేరి. "గని పోయినదాన్ని కాదు. నేను మానెయ్యలే. నన్ను ఎవలు తీసెయ్యలే. నేను గీడ పనిదాన్ని. చెప్పు చెల్లె, సక్కగ చెప్పు."

జబీన్ సక్కగా చెప్పింది. ‘త్రబహదోరా ఆంతిగ్వా’ అంది; త్రబహదోరా అంటే పనిచేసే మనిషి. ఆంతిగ్వాను వెనక పెట్టింది. సేటు ముందర పెట్టమన్నదాన్ని వెనక పెట్టింది. పిలార్‌కు వినబడలేదేమోనని మళ్ళీ ఒకసారి, రోడ్డు అవతలి చాయ్ బండి దాకా వినబడేలా చెప్పింది. చాయ్ బండివాళ్ళకు అర్థం కాకపోయినా తల తిప్పి చూశారు.

*

అక్కడినుంచి పిలార్ ఆఫీసు గదిలో సేటుతో చాలాసేపు కూర్చుంది. జబీన్‌ను, కావేరిని కూడా కూర్చోబెట్టింది. ప్రతి డ్రమ్ము పక్కన ఆపే స్విచ్ పెట్టాలంది. కావేరి చేతికి నిజామాబాదులో మంచి వైద్యం చేయించాలంది. ఆమెకు చేతనైన పని ఇచ్చి ఉంచాలంది. ఇవి జరిగితేనే సరుకు తీసుకుంటామంది. సేటు అన్నిటికీ చేతులు జోడించి తలూపాడు. "కావేరి మా ఇంటి మనిషి మేడం. గివన్నీ నేను చేద్దామనే అనుకుంటున్న," అన్నాడు. జబీన్ దాన్ని కూడా అనువదించాల్సి వచ్చింది.  ఎవరేమంటే అదే చెప్తానన్నది తనే కదా, చెప్పింది.

వెళ్ళేముందు పిలార్ జబీన్ చెయ్యి పట్టుకుంది. "మీరు చెప్పింది సరైనదే. కానీ నేను రూఢి చేసుకోవాలి, మీకు తెలుసు కదా," అంది. జబీన్ తెలుసన్నట్టు నవ్వింది. పిలార్ మంచిదే. చెడ్డదైతే తిట్టుకునేదే, తిట్టుకుంటే కడుపులో మంట కొంచెం తగ్గేదే.

సరుకు స్పెయిన్‌కు పోయింది. స్విచ్చులు వచ్చాయి. సేటు రషీద్ దుకాణంలో సంచులు కొనడం మానేశాడు. ‘ఆ పిల్లను మాత్రం పిలవకుండ్రి, మన మాట మనకే ఎదురు తిప్పుతది’ అని పసుపు వ్యాపారులందరికీ చెప్పుకొచ్చాడు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తమ బేరాలు ఫోన్‌తోనే కానిచ్చుకున్నారు. తల్లి మదీనా కొన్నాళ్ళు సణిగింది, నీకెందుకొచ్చిన గొడవని. తండ్రి ఒక్కసారి మాత్రం, అన్నానికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, "గోనె సంచి అడుగు చిరిగితే కుట్టి అమ్మినం గని, చిరగలేదని చెప్పి ఎన్నడమ్మలే," అన్నాడు. ఆ తర్వాత మదీనా సణగలేదు.

ఈద్ అయ్యాక ఒక ఆదివారం కావేరి వచ్చింది. కట్టు తీసేశారు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. కొమ్ముల్లో రాళ్ళు ఏరే పని ఇచ్చారట, ఎడమచేత్తో ఏరుతోందట. మదీనా పెట్టిన సేమ్యా ఖీర్ తింటూ షెడ్డు సంగతులన్నీ చెప్పింది. ఇప్పుడు సేటు ఎవరొచ్చినా ముందు తనను చూపిస్తున్నాడట, మా కావేరి, మా కావేరి అని.

"నీకు నా మీద కోపం పోయిందా అక్కా?" అని అడిగింది జబీన్.

"నీ మీద ఎప్పుడో పోయింది," అంది కావేరి. గిన్నె కింద పెట్టి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. "గని ఒక్కటి నాకు ఎక్కుతలేదు చెల్లె. ముత్తెమ్మవ్వ చెప్పింది, నమ్మలే. నువ్వు వాళ్ళ భాషలనే చెప్పినవ్, నమ్మలే. సేటు ఫోన్ చూపిస్తే నమ్మిండ్రు. నేను రోడ్డు మీద నిలవడి చెయ్యి లేపితేనే మన మాట మాటయ్యింది. చెయ్యి బాగుంటె నమ్మకపోదురు గద? మాటకు విలువ రావాలంటె వేళ్ళు పోవాల్నా? ఇంకో వేలు గుడ పోతె ఇంకా జర జల్ది నమ్ముదురా?"

మదీనా వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. జబీన్‌కు రెండు భాషలు వచ్చు, ఇంట్లో మాట్లాడే ఉర్దూతో కలిపి మూడు, కాల్ సెంటర్ ఇంగ్లీషుతో నాలుగు. దేనిలోనూ జవాబు దొరకలేదు. దొరక్కపోవడం చూసి ఆమెకు ఇంకా కోపం వచ్చింది. కావేరి ముందుకు జరిగి, ఎడమచేత్తో ఆమె భుజం తట్టి, "ఖీర్ మంచిగున్నది అమ్మీ, ఇంకింత పెట్టు," అని మదీనాతో అంది.